పరిచయమే పరపతి

ఉద్యోగం ఖాళీ అయిన సంగతి ముందుగా ఎవరి చెవిన పడుతుంది? ప్రతిభ గురించి మన విశ్వవిద్యాలయాల్లో, పత్రికల్లో, న్యాయస్థానాల్లో సాగే చర్చలన్నీ ఈ ప్రశ్నను దాటేసి మొదలవుతాయి. దరఖాస్తులు చేరాక, వాటిని బల్ల మీద పరిచాక, ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరికి ఎంత మినహాయింపు అన్న దగ్గర మన వాదోపవాదాలు ప్రారంభమవుతాయి. ఆ బల్ల దాకా ఎవరి కాగితం చేరింది, ఎవరిది చేరలేదు, చేరినది ఎవరి చేతి మీదుగా చేరింది అనే లెక్క ఎక్కడా కనిపించదు. రిజర్వేషన్ వల్ల తనకు సీటు దక్కలేదని బాధపడే విద్యార్థి ఎన్ని మార్కుల తేడాతో పోయిందో వేలెత్తి చూపగలడు. రోస్టరు గోడ మీద అంటించి ఉంటుంది మరి. మేనమామ స్నేహితుడి ఫోనుతో భర్తీ అయిన ఉద్యోగానికి రోస్టరు లేదు, కటాఫ్ లేదు. కనుక దాని మీద కోపమూ లేదు.

పరిచయాలు ఉద్యోగాలుగా మారడం మన దేశానికే ప్రత్యేకమేమీ కాదు. 1970 ప్రాంతంలో మార్క్ గ్రానొవెటర్ అనే యువ సామాజికశాస్త్రవేత్త అమెరికాలో బోస్టన్ నగరం పక్కనున్న న్యూటన్ పట్టణంలో ఈమధ్యే ఉద్యోగం మారిన సాంకేతిక నిపుణులను, మేనేజర్లను కలిసి, ఈ కొలువు మీకెలా దొరికిందని అడిగాడు. సగం కంటే ఎక్కువ మంది, 56 శాతం, తెలిసినవారి ద్వారా అన్నారు. అందులో విశేషం లేదు. విశేషమంతా ఆయన తరువాతి ప్రశ్నలో ఉంది. ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలుస్తుంటారు? తరచుగా అన్నవారు 17 శాతం లోపే. అప్పుడప్పుడు అన్నవారు 55 శాతం పైచిలుకు. ఎప్పుడో గాని కలవం అన్నవారు 28 శాతం దాకా. 1973లో అచ్చయిన ఆయన వ్యాసం దీనికి చెప్పిన కారణం సులభంగానే అర్థమవుతుంది. ప్రాణస్నేహితులు, ఇంట్లోవాళ్లు మనం తిరిగే చోటనే తిరుగుతారు. మనకు తెలిసినదే వాళ్లకూ తెలుస్తుంది. కొత్త కబురు రావాలంటే దూరపు మనిషి, మరో లోకంలో కాలు పెట్టిన మనిషి కావాలి. సామాజిక సంబంధాల మీద పనిచేసేవారు దీన్నే బలహీన బంధాల బలం అంటున్నారు.

ఈ సూత్రాన్ని మన నేలకు అన్వయించేటప్పుడు ఒక పెద్ద సవరణ అవసరం. దూరపు మనిషి కబురు మోయగలడు సరే, మన తరఫున పూచీ ఎందుకు పడతాడు? ముఖపరిచయం మాత్రమే ఉన్నవాడి కోసం తన పరువును ఎందుకు పణంగా పెడతాడు? దగ్గరివాడికి నమ్మకం ఉంటుంది గాని కొత్త సమాచారం ఉండదు. దూరపువాడికి సమాచారం ఉంటుంది గాని నమ్మకం ఉండదు. న్యూటన్ పట్టణంలో ఈ రెంటి మధ్య ఎంపిక తప్పదు. కులం ఆ ఎంపిక అక్కరలేకుండా చేసింది. గుంటూరులో ఎరువుల దుకాణం, కూకట్‌పల్లిలో కార్పొరేట్ కళాశాల, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ సంస్థ, డల్లాస్‌లో కన్సల్టెన్సీ నడుపుతున్న నలుగురు మనుషులు ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఇంటిపేరు, ఊరు, వియ్యంకుల పేరు చెప్పుకున్న అయిదు నిమిషాల్లో వారి మధ్య బంధుత్వమంతటి భరోసా ఏర్పడుతుంది. రైలుపెట్టెలో ఎదురు సీటు పెద్దమనిషి ‘మీరేవిట్లు?’ అని ఆరా తీయడం కేవలం కుతూహలం కాదు. ఈ కొత్త మనిషితో ఎంతవరకు మాట్లాడవచ్చో తేల్చుకునే కొలత అది. ముక్కూ మొహం తెలియనివాడు ‘మనవాడు’ కాగలగడంలోనే కులం శక్తి అంతా ఉంది. బలహీన బంధం అందించే విస్తృతినీ బలమైన బంధం ఇచ్చే విశ్వాసాన్నీ అది ఒకేచోట కలిపింది. ఇంత చౌకగా ఇంత దూరం నమ్మకాన్ని మోసుకుపోయే మరో యంత్రాంగం ఈ ఉపఖండంలో లేదనే చెప్పాలి. కులం పల్లెల్లోని అజ్ఞానపు అవశేషమనీ, నగరం రాగానే దానంతటదే కరిగిపోతుందనీ ఊహించినవారు దాని ఈ గుణాన్ని గమనించలేదు.

ఇంత పెద్ద అల్లిక తరతరాలుగా చిక్కులు పడకుండా, తెగకుండా ఎలా నిలుస్తోంది? జవాబు నూరేళ్లకు పైగా మన చేతిలోనే ఉంది. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలోని ఒక సెమినార్‌లో సమర్పించిన పత్రంలో యువ అంబేడ్కర్ కులానికి మూలలక్షణం అంతర్వివాహమేనని తేల్చాడు. ఒక వర్గం తన తలుపు మూసుకుంటే మిగిలిన వర్గాలు కొన్ని అనుకరిస్తూ, కొన్ని గత్యంతరం లేక, ఎలా మూసుకుపోయాయో వివరించాడు. పెళ్లి ఇద్దరు మనుషుల కలయిక మాత్రమే కాదు. రెండు కుటుంబాల పరిచయాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడే సందర్భం. ప్రతి ముడీ ఒకే వల లోపల పడుతూ ఉంటే వల తరతరానికీ బిగుస్తుంది. 2011–12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహం చేసుకున్నామని చెప్పిన స్త్రీలు అయిదు శాతం చుట్టుపక్కలే ఉన్నారు. అంటే నూటికి తొంభై అయిదు పెళ్లిళ్లు పాత ముళ్లనే మళ్లీ బిగిస్తున్నాయి.

నమ్మకానికి కాపలా కూడా పెళ్లే. కులబంధువు ఇచ్చిన అప్పు ఎగవేసినవాడు, సిఫారసు మీద చేరిన కొలువులో పరువు తీసినవాడు పోగొట్టుకునేది ఒక్క స్నేహాన్ని కాదు. చెల్లెలి సంబంధం చెడుతుంది, కొడుకు సంబంధం చెడుతుంది. కనుకనే కాగితం లేని అప్పు తిరిగి వస్తుంది, కాగితం లేని పూచీ నిలుస్తుంది. ఇదే కాపలా రెండోవైపు కత్తిగా మారుతుంది. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి భార్యతో బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికించిన హత్యను ఒక తండ్రి ఉన్మాదంగా మాత్రమే చూసినవారికి, ఆ తరువాత నిందితుడి పట్ల వ్యక్తమైన సానుభూతి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. వలను తెంపి బయటికి ముడి వేసిన మనిషిని శిక్షించడం వల లోపలివారందరికీ ఎంతో కొంత తమ ఆస్తిని కాపాడుకోవడంగానే తోచింది.

తెలుగు నేలపై ఈ అల్లిక ఆధునిక రూపం ఎలా తొడిగిందో చూడాలంటే వసతిగృహాల చరిత్ర చదవాలి. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. పల్లెల నుంచి చదువు కోసం వచ్చే పిల్లలకు కూడు, గూడు చూపడం నిజంగా గొప్ప సేవ. సురవరం ప్రతాపరెడ్డి వంటి వారి నిర్వహణలో అది తెలుగు భాషాసాహిత్యాలకు కూడా ఆసరా అయింది. అదే కాలంలో, ఆ తరువాతా, కోస్తాలోనూ తెలంగాణలోనూ ఇంకెన్నో కులాలు తమ తమ వసతిగృహాలు కట్టుకున్నాయి. గది పంచుకున్న కుర్రవాళ్లలో ఒకడు వకీలు, ఒకడు తహశీల్దారు, ఒకడు మిల్లు యజమాని అయ్యాక వారి మధ్య మిగిలిన చనువు విలువ ఎంతో ఏ ఖాతాపుస్తకమూ చెప్పలేదు. పొలం మీద వచ్చిన మిగులు సినిమాగా, పత్రికగా, కళాశాలగా, ఆసుపత్రిగా, ఔషధ పరిశ్రమగా మారడానికి పెట్టుబడి ఎంత అవసరమైందో ఈ చనువూ అంతే అవసరమైంది. దీన్ని కష్టార్జితమని మాత్రమే చెప్పుకోవడం మన ఆధిపత్య కులాల ఆత్మకథల్లో రివాజు. కష్టం ఉన్నమాట నిజం. కాని అదే ఎండలో అంతకంటే ఎక్కువ కష్టపడిన పాలేరు కొడుకుకు ఆ గది దొరకలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పరిచయాలు ప్రతి కులానికీ ఉన్నాయి కదా, దళితులకు, వెనుకబడిన కులాలకు బంధువులు లేరా అని. ఉన్నారు. తీగ ఎంత పొడవైనా దాని చివర విద్యుత్తు లేకపోతే దీపం వెలగదు. పాలమూరు నుంచి వలసపోయిన కూలీ తన ఊరివాణ్ణి, తన కులంవాణ్ణి తప్పకుండా వెంట తీసుకుపోతాడు. తీసుకుపోయేది తాను పనిచేసే మట్టిపనికే. ముంబైలో కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు దాదర్ ప్రాంతపు పాఠశాలల్లో ఇరవై ఏళ్ల కాలంలో చేరిన విద్యార్థుల చదువులను పరిశీలించి 2006లో వెల్లడించిన విషయం ఈ సందర్భంలో మరీ మరీ ఆలోచింపజేస్తుంది. మిల్లుల్లో, రేవుల్లో కార్మికులుగా కులాల వారీగా స్థిరపడిన కింది కులాల కుటుంబాలు, ఆర్థిక సంస్కరణల తరువాత ఇంగ్లిషు చదువుకు గిరాకీ పెరిగినా మగపిల్లలను మరాఠీ మాధ్యమానికే ఎక్కువగా పంపాయి. తండ్రులకు, బాబాయిలకు ఉన్న పరిచయాలు ఆ కొలువులను ఇప్పించగలవు కాబట్టి. ఆడపిల్లలకు అటువంటి పరిచయాల వారసత్వం ఏదీ లేదు. ఆ ఇళ్లలోనే ఆడపిల్లలు ఇంగ్లిషు మాధ్యమంలోకి వేగంగా కదిలారు. పైవాడికి నిచ్చెన అయిన అల్లిక కిందివాడి కాలికి బంధమైంది. ఏ ఆస్తీ పంచి ఇవ్వని ఆడపిల్లకు ఆ బంధమూ లేకపోయింది. కులబలం ప్రతి కులానికీ సమానంగా ఉపయోగపడుతుందనే భ్రమను పోగొట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

పల్లెలో కబురు ఎలా పాకుతుందో కొలిచిన పరిశోధన ఒకటి మన పొరుగునే జరిగింది. అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ కర్ణాటకలోని 75 గ్రామాల్లో ఎవరు ఎవరింటికి వెళ్తారు, ఎవరు ఎవరి దగ్గర బియ్యమో కిరసనాయిలో బదులు తెచ్చుకుంటారు, ఎవరి సలహా ఎవరు అడుగుతారు అని ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. తరువాత వాటిలో 43 గ్రామాల్లో ఒక సూక్ష్మరుణ సంస్థ అడుగుపెట్టి కొందరికి మాత్రమే ముందుగా తన పథకం చెప్పింది. ఆ కొందరు ఊరి పరిచయాల అల్లికలో నడిబొడ్డున ఉన్నచోట పథకం ఎక్కువమందికి చేరింది. అంచున ఉన్నచోట చేరలేదు. 2013లో వెలువడిన ఈ ఫలితం కంటే, ఆ సమాచారంతో గీసిన పటాలు మనకు ఎక్కువ చెబుతాయి. ఒక ఊరి మనుషులను చుక్కలుగా, పరిచయాలను గీతలుగా గీస్తే చుక్కలు రెండు గుంపులుగా విడిపోయి కనిపిస్తాయి. షెడ్యూల్డు కులాలు, తెగలు ఒక గుంపు, తక్కినవారు మరో గుంపు. మధ్యన పలచగా కొన్ని గీతలు. ఊరు, వాడ అని మనం ఎప్పటి నుంచో పెట్టుకున్న పేర్లే ఆ పటం. ప్రభుత్వ పథకం కబురు సర్పంచి అరుగు మీద చెబితే చాలునని భావించే అధికారులు ఆ పటాన్ని ఒకసారి చూడటం మంచిది.

ఈ అల్లిక సమర్థతకు పరాకాష్ఠ సాంఘిక బహిష్కరణ. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం నిలపడం మీద రేగిన వివాదం దళితుల వెలివేత దాకా పోయింది. పొలం పనులకు పిలుపులు ఆగిపోయాయి, కౌళ్లు పోయాయి. వెలివేత విజయవంతం కావడం తేలికైన పనేమీ కాదు. ఒక్క రైతు పనికి పిలిచినా, ఒక్క దుకాణదారు సరుకు ఇచ్చినా అది విఫలమవుతుంది. పిలవని రైతుకు నష్టం కూడా ఉంది, నాట్ల వేళ కూలీలు దొరకరు. అయినా ఎవరూ కట్టు తప్పకపోవడానికి కారణం ద్వేషం ఒక్కటే కాదు. ప్రతివాడినీ నలుగురు బంధువులు చూస్తూ ఉంటారు, ఆ నలుగురిని మరో నలుగురు చూస్తూ ఉంటారు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో వెలివేతలు, జరిమానాలు విధించే ఆనవాయితీ కూడా ఇలాగే నిలబడింది. అక్కడ దళితులతో పాటు వెనుకబడిన కులాల వృత్తిదారులూ బాధితులయ్యారు. సిఫారసును, రుణాన్ని, పెళ్లి సంబంధాన్ని ఎంత నమ్మకంగా మోసే తీగలో వెలివేత ఆజ్ఞ కూడా అంత నమ్మకంగానే ప్రవహిస్తుంది. మొదటిది సంఘసేవ, రెండోది దురాచారం అని విడదీసి చూడటం మనకు అలవాటైంది.

ఇక కంపెనీల సంగతి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ పత్రికా ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపి చూశారు. 2007లో ప్రచురించిన వారి అధ్యయనం ప్రకారం అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. అదే సమయంలో సురీందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్ ఉద్యోగుల ఎంపిక చూసే మేనేజర్లతో మాట్లాడితే, కులం మేం చూడం, ప్రతిభే చూస్తాం అన్నవారే అభ్యర్థి కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామని చెప్పారు. గమనించవలసిందేమిటంటే థోరట్ బృందం పరీక్షించినది పత్రికలో ప్రకటించిన ఉద్యోగాలను మాత్రమే. ప్రకటనే లేని ఉద్యోగాలకు ఏ పరీక్షా పెట్టలేం. 2012లో వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులను పరిశీలించిన మరో అధ్యయనంలో దాదాపు 93 శాతం సభ్యులు అగ్రకులాలవారే అని తేలింది. షెడ్యూల్డు కులాలు, తెగలు కలిపి మూడున్నర శాతం. వెయ్యి కంపెనీలు ఒకరితో ఒకరు కుట్ర పన్ని ఇలా చేశాయని ఎవరూ అనడం లేదు. కుట్ర అవసరమే లేదు. ప్రతివాడూ తాను నమ్మే మనిషిని తెచ్చుకుంటే చాలు.

సముద్రం దాటినా ఇంతే. ఉద్యోగి సిఫారసు చేసిన మనిషి ఎంపికైతే ఆ ఉద్యోగికి బోనస్ ఇచ్చే పద్ధతి సాఫ్ట్‌వేర్ రంగమంతటా ఉంది. ఖర్చు తగ్గుతుంది, నమ్మకం పెరుగుతుంది అని సంస్థలు సంతోషిస్తాయి. కులపు చనువును కంపెనీ తన డబ్బుతో కొనుక్కోవడమే ఇది అన్నది అమెరికన్ మేనేజరుకు తెలియకపోవచ్చు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల విభాగం సిస్కో సంస్థ మీద కులవివక్ష దావా వేసింది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించుకుంది. ఆ ఏడాదే సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తోసిపుచ్చారు. ఈ చట్టాలన్నీ అవమానాన్ని, తొలగింపును పట్టుకోగలవు. సిఫారసు రాకపోవడాన్ని పట్టుకోలేవు. జరగని ఫోను కాల్‌కు సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలి?

అయితే మీరూ మీ పరిచయాలు పెంచుకోండి అనే సలహా ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. అణగారిన కులాలు ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్య సంఘం స్థాపించి హైదరాబాద్ వాడవాడలా తిరిగాడు. 1917లో బెజవాడ సభకు చేరినవారు ‘పంచమ’ పేరును వదిలి ఆది ఆంధ్రులమని ప్రకటించుకున్నారు. 1985 జులైలో కారంచేడు హత్యాకాండ తరువాత బాధితులు చీరాల చేరి శిబిరం వేసుకున్నప్పుడు, పొన్నూరులో సంస్కృతం బోధించే కత్తి పద్మారావు, న్యాయవాది బొజ్జా తారకం, పల్లెపల్లె నుంచి కదిలిన విద్యార్థులు, ఉద్యోగులు కలిసి దళిత మహాసభగా నిలబడ్డారు. రిజర్వేషన్ల ద్వారా వచ్చిన గుమస్తాలు, ఉపాధ్యాయులు, ప్రభుత్వ హాస్టళ్లలో ఒకే పళ్లెం వరుసలో కూర్చున్న కుర్రవాళ్లు లేకపోతే అంత వేగంగా ఆ కబురు రాష్ట్రమంతా పాకేది కాదు. ఇవీ సామాజిక అల్లికలే. కాని ఇవి తలుపు మూసుకోవడానికి పుట్టినవి కావు, మూసిన తలుపు కొట్టడానికి పుట్టినవి. న్యాయం కోసం జనాన్ని కూడగట్టగలిగాయి గాని బ్యాంకు గ్యారంటీ ఇప్పించలేకపోయాయి. 2005లో పుణెలో మొదలైన దళిత వాణిజ్య, పారిశ్రామిక మండలి ఆ లోటు పూడ్చాలని చూస్తోంది. దాని సభ్యులకు కూడా సరుకు కొనే పెద్ద సంస్థలో ఫోను ఎత్తే మనిషి ఒకరు కావాలి. ఒంటరి గుంపు ఎంత దట్టంగా అల్లుకున్నా వంతెన లేనిదే అవతలి ఒడ్డు సరుకు ఇవతలికి రాదు.

రిజర్వేషన్‌ను ఈ దృష్టితో చూస్తే అది మినహాయింపు కాదు, వంతెన. అంతకంటే ముఖ్యంగా, అది నోటిఫికేషన్‌తో కలిసి వచ్చే హక్కు. ఇన్ని ఖాళీలు, ఇంత అర్హత, ఈ తేదీ లోపల దరఖాస్తు, ఇదీ పరీక్ష అని అందరికీ ఒకేసారి చెప్పవలసి రావడమే కులపు గుసగుసకు విరుగుడు. అందుకే ప్రభుత్వోద్యోగాలను ఔట్‌సోర్సింగ్‌కు మళ్లించడంలో జరిగే నష్టం జీతంలో కోత ఒక్కటే కాదు. నోటిఫికేషన్ పోయి ఏజెన్సీ వస్తుంది, ఏజెన్సీ వెనుక కాంట్రాక్టరు, కాంట్రాక్టరు వెనుక ఎమ్మెల్యే, ఆయన వెనుక ఊరి పెద్దలు. వందేళ్ల పోరాటంతో బహిరంగం చేసిన కబురు మళ్లీ అరుగు మీదికి పోతుంది. ఉద్యోగార్థుల ఉద్యమాలు ఖాళీల సంఖ్య మీద పెట్టిన శ్రద్ధ ఈ మార్పు మీద పెట్టలేదు.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండ్ వచ్చినప్పుడు, 2006లో, పరిశ్రమల సంఘాలు కోటాను తిరస్కరించి స్వచ్ఛందంగా చర్యలు తీసుకుంటామని నియమావళి రాసుకున్నాయి. స్వచ్ఛందం ఎంతవరకు నడిచిందో చెప్పే లెక్క ప్రజల ముందు లేదు. అమెరికాలో వందమందికి పైగా పనిచేసే ప్రైవేటు సంస్థ ఏ హోదాలో ఏ జాతివారు ఎందరు, స్త్రీలు ఎందరు అని ఏటా ప్రభుత్వానికి నివేదించాలి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు సాఫ్ట్‌వేర్ పార్కులకు, ఔషధ నగరాలకు చవకగా భూములు ఇస్తున్నాయి, విద్యుత్తులో, పన్నుల్లో రాయితీలు ఇస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటి కులసర్వే చేసింది, కేంద్రం రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025లో ప్రకటించింది. ఇంట్లో ఎందరున్నారో లెక్కించగలిగినప్పుడు రాయితీ భూమి మీద కట్టిన ఆఫీసులో ఎందరున్నారో లెక్కించడం కష్టం కాదు. భూమి కేటాయింపు ఒప్పందంలో రెండే రెండు అంశాలు చేర్చమని అడగాలి. హోదాల వారీగా ఉద్యోగుల సామాజిక వర్గాల సంఖ్య మొదటిది. ఆ ఏడాది చేరినవారిలో బహిరంగ ప్రకటన చూసి వచ్చినవారెందరు, సిఫారసు మీద వచ్చినవారెందరు అన్నది రెండోది. మనుషుల పేర్లు అక్కరలేదు, సంఖ్యలు చాలు. వాటిని ఏటా శాసనసభ ముందు పెట్టాలి.